కూర్చుని మాట్లాడుకోవడానికీ అనుమతి కావాలా?

నరాల నొప్పితో ఏళ్లుగా బాధపడుతున్నవాళ్లు ఆదివారం పూట ఒకచోట చేరి మాట్లాడుకుంటుంటే అనంతపురంలో ఒక ప్రభుత్వ భవనం అధికారులకు అందులో ఏదో ప్రమాదం కనిపించింది. వాళ్లు కూర్చునే గదికి, అంతకుముందు ఎవరూ వాడకుండా పడి ఉన్నదానికి, తాళం వేశారు. వైద్య అర్హత లేనివాళ్లు జబ్బుల గురించి సమావేశాలు పెట్టరాదని, తప్పదనుకుంటే సంఘం రిజిస్ట్రేషన్, డాక్టర్ హామీపత్రం, వచ్చేవాళ్లందరి ఆధార్ నకళ్లు తెచ్చి అనుమతి తీసుకోవాలని కాగితం ఇచ్చారు.

గది పోవడం చిన్న విషయం. ఇంకో గది దొరుకుతుంది. లేదంటే వేపచెట్టు నీడ ఉంది (ఏప్రిల్‌లో అనంతపురంలో దాన్ని నీడ అనగలిగితే). మమ్మల్ని కలవరపెడుతున్నది ఆ కాగితంలోని మాట. రోగులు తమ జబ్బు గురించి తమలో తాము మాట్లాడుకోవాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలని ఒక ప్రభుత్వ కార్యాలయం రాతపూర్వకంగా చెప్పింది. పోనీలే అని ఇవాళ ఊరుకుంటే రేపటికి ఇదే ఆనవాయితీ.

ఇంతకీ అలాంటి చోటికి ఎవరొస్తారు? షుగర్ వచ్చి పదేళ్లు దాటాక అరికాళ్లలో మంటలు పట్టుకున్నవాళ్లు. సర్పి పుండ్లు మానిపోయి నెలలు గడిచినా పక్కటెముకల మీద చొక్కా రాసుకుంటే ఓర్చుకోలేని పెద్దవాళ్లు. డిస్క్ జారి పిరుదు నుంచి పిక్క దాకా జివ్వున లాగే సయాటికాతో రాయదుర్గంలో జీన్స్ కుట్టే టైలర్లు, ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నేతగాళ్లు. ముఖం ఒక పక్కన ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టయి పళ్లు తోముకోవడానికే భయపడేవాళ్లు. క్యాన్సర్ మందులతో ప్రాణం దక్కి, వేళ్ల చివర తిమ్మిరి, మంట మిగిలిన ఆడవాళ్లు. ఈ జిల్లాకు ఇవి చాలవన్నట్టు ఫ్లోరైడ్ కూడా ఉంది. ఆ నీళ్లు దశాబ్దాల పాటు తాగినవాళ్లకు వెన్నెముక ఎముకలు దళసరెక్కి, లోపల వెన్నుపాము పోయే దారి ఇరుకై, నరాలు నలుగుతాయి. 1990ల్లో సత్యసాయి నీటి పథకం వందల ఊళ్లకు మంచినీళ్లు తెచ్చింది గానీ, అప్పటికే వంగిపోయిన నడుములను అది నిలబెట్టలేదు.

ఈ నొప్పి బయటికి కనబడదు. కట్టు ఉండదు, వాపు ఉండదు, జ్వరం రాదు. ఎక్స్‌రేలో దొరకదు. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేయిస్తే అది పెద్ద నరాల్లో సిగ్నల్ ఎంత వేగంగా పోతోందో కొలుస్తుంది. నొప్పినీ వేడినీ మోసే సన్నటి నరాలు దెబ్బతింటే ఆ పరీక్షకు అందవు. రిపోర్టు నార్మల్ అని వస్తుంది. ఆ నార్మల్ అన్న ముక్కతోనే ఇంట్లో అసలు నరకం మొదలవుతుంది. 'టెస్టుల్లో ఏమీ లేదంట గదా' అని అత్త అంటుంది. 'మొన్న పెళ్లిలో బాగానే తిరిగినావే' అని తోడికోడలు అంటుంది. మగవాడైతే కూలి ఎగ్గొట్టడానికి నాటకాలని మేస్త్రీ తీర్మానిస్తాడు. నొప్పిపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, తనకు నొప్పిగా ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని ప్రత్యేకంగా రాసింది. పరీక్ష రిపోర్టు అడగకుండా ఆ మాటను నమ్మేవాళ్లు వీళ్లకు దొరికింది ఆ గదిలోనే.

నమ్మడం ఒక్కటే కాదు, అక్కడ తేలిపోయే సంగతులు చాలా ఉంటాయి. నరాల నొప్పికి డాక్టర్లు ఎక్కువగా రాసేవి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సిటిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్. వీటిలో మొదటి రెండూ డిప్రెషన్‌కు, తర్వాతి రెండూ ఫిట్స్‌కు కూడా వాడతారు. చీటీ పట్టుకుని మందుల షాపుకు పోతే కౌంటర్ వెనక కుర్రాడు 'ఇది మెంటల్ టెన్షన్ మాత్ర గదమ్మా' అంటాడు. ఆ ఒక్క మాటతో ఆ పట్టీ చెత్తకుప్పలోకి పోతుంది. డాక్టర్ తనను పిచ్చిదనుకున్నాడని ఆమె ఇంకెప్పుడూ ఆ ఆసుపత్రి గడప తొక్కదు. ఓపీలో ఒక్కో రోగికి రెండు మూడు నిమిషాలు దక్కితే ఎక్కువ. తక్కువ మోతాదులో అదే మాత్ర నరాల మీద వేరేగా పనిచేస్తుందనీ, ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మొదట్లో మత్తుగా ఉంటుందనీ, ఉన్నపళంగా మానేయకూడదనీ ఆ కాస్త టైములో ఎవరు చెబుతారు? అదే మాత్ర రెండేళ్లుగా వేసుకుంటున్న అక్క పక్కన కూర్చుని చెబితే ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. 'నాకూ అట్లే అనిపించిందమ్మా, ముందు డాక్టర్ను అడుగు, నీ అంతట నువ్వు ఆపొద్దు' అంటుంది. దీన్నా మనం వైద్య అర్హత లేనివాళ్లు చేసే వైద్యం అనాల్సింది?

దుప్పటి తగిలితే మంట పుడుతుంటే రాత్రి ఎలా పడుకోవాలి, ఆర్టీసీ బస్సులో ఏ సీటులో కూర్చుంటే కుదుపు తక్కువ, షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా గుడి చుట్టూ తిరిగితే తిమ్మిరెక్కిన కాలికి ముల్లు గుచ్చుకున్నా ఎందుకు తెలియదు, కాళ్లను రాత్రి పూట అద్దం పెట్టుకుని ఎందుకు చూసుకోవాలి... ఇవన్నీ ఏ చీటీలోనూ ఉండవు. నొప్పి పూర్తిగా పోతుందని అక్కడ ఎవరూ ఎవరికీ హామీ ఇవ్వరు. తోటివాళ్ల ఆసరాతో నొప్పి మాయమవుతుందని మేమూ అనడం లేదు. ఉన్న నొప్పితో మర్నాడు పొద్దున లేచి పొయ్యి వెలిగించడం ఎలాగన్నది అక్కడ తెలుస్తుంది.

అనుభవం ఉన్నంత మాత్రాన వైద్యం తెలిసినట్టు కాదని, ఒకరి మందు ఇంకొకరు మింగితే కిడ్నీలు పాడవుతాయని, ఈ ముసుగులో నూనెలు, చూర్ణాలు అమ్ముకునేవాళ్లు దూరతారని అధికారుల వాదన. నిజమే, ఆ ప్రమాదం ఉంది.

కానీ ఆ ప్రమాదం ఆ గదిలో పుట్టలేదు. ఏ పల్లెకైనా పోయి చూడండి. నడుం నొప్పి అనగానే ఆర్‌ఎంపీ పొడిచే డైక్లోఫినాక్ సూది నరాల నొప్పికి పెద్దగా పనిచేయదు. షుగర్ ఉన్నవాళ్లకు అది పదేపదే పడితే కిడ్నీలకు చేటు. దానికి ఏ కార్యాలయమూ తాళం వేయలేదు. చీటీ లేకుండా కౌంటర్ మీద మాత్రలు తెంపి ఇచ్చే షాపులను ఆధార్ నకళ్లు అడగలేదు. టీవీలో పొద్దున్నే నరాల బలహీనతకు డబ్బా అమ్మేవాడిని డాక్టర్ హామీపత్రం తెమ్మనలేదు. డబ్బు తీసుకుని తప్పుడు వైద్యం చేసేవాళ్లకు అక్కర్లేని అనుమతి, పైసా తీసుకోకుండా మాట్లాడుకునేవాళ్లకు ఎందుకు? అంత భయమే ఉంటే నెలకోసారి ఒక ఫార్మసిస్టునో, ఫిజియోథెరపిస్టునో గంటసేపు అక్కడికి పంపండి. తాళం కొనడం కంటే అది పెద్ద ఖర్చేమీ కాదు.

మళ్లీ ఆనవాయితీ దగ్గరికే వస్తాం, ఎందుకంటే అసలు గొడవ అదే. ఇవాళ నరాల నొప్పి వాళ్లను అడిగిన కాగితాలు రేపు డయాలసిస్ రోగులను అడుగుతారు. ఎల్లుండి తలసేమియా పిల్లల తల్లిదండ్రులను, ఆ తర్వాత రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఆడవాళ్లను, తాగుడు మానేసి ఒకరినొకరు కనిపెట్టుకుంటున్న మగవాళ్లను అడుగుతారు. ఒకచోట చెల్లిన కాగితం పక్క కార్యాలయానికి నమూనా అవుతుంది. తేదీ, ఊరు మార్చి సంతకం పెట్టడమే తరువాయి. ప్రభుత్వ కార్యాలయాలు ఎలా నడుస్తాయో ఎరిగినవాళ్లకు ఇందులో అతిశయోక్తి కనిపించదు.

తోటివాళ్ల ఆసరా అన్నది ప్రభుత్వానికి కొత్త సంగతా అంటే అదీ కాదు. క్షయ నయమైనవాళ్లను టీబీ ఛాంపియన్లని పేరుపెట్టి కొత్త రోగుల దగ్గరికి పంపుతున్నది ప్రభుత్వమే. వాళ్లలో ఎంతమందికి ఎంబీబీఎస్ ఉంది? హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు జిల్లా జిల్లాకూ సంఘాలు కట్టుకుని, మందులు మానొద్దని ఒకరికొకరు నచ్చజెప్పుకుంటే ఆ సంఘాలను కలుపుకుపోయిందీ ప్రభుత్వమే. అంతెందుకు, పక్కనే కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు ఉంది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైన పథకంలో చదువురాని ఆడవాళ్లు చెట్టు కింద గుండ్రంగా కూర్చుని పొదుపు సంఘాలు నడిపారు. అందులో ఎవరికీ బ్యాంకింగ్ అర్హత లేదు. దేశమంతా వచ్చి చూసిపోయింది. డబ్బు గురించి గుండ్రంగా కూర్చుంటే మహిళా సాధికారత, నొప్పి గురించి కూర్చుంటే అనుమతి లేని సమావేశమా?

కేరళ వాళ్లు ఇంకో దారిలో పోయారు. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో కొద్దిమంది డాక్టర్లు మొదలుపెట్టిన నొప్పి ఉపశమన సేవ ఊళ్లలోని మామూలు మనుషుల చేతికి వెళ్లింది. వాళ్లే రోగుల ఇళ్లకు వెళ్లారు, వాళ్లే చందాలు పోగుచేశారు. 2008లో అక్కడి ప్రభుత్వం దానికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. మనవాళ్లు తాళం తెచ్చారు.

చట్టం సంగతికొస్తే, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు, సంఘాలు పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. చేతికర్రలు, నడుం బెల్టులు ఆయుధాల కిందికి వస్తాయని ఎవరైనా జీవో తెచ్చారేమో మాకు కనబడలేదు. రిజిస్ట్రేషన్ లేకపోతే సంఘం పేరుతో ఆస్తి కొనలేరేమో గానీ, మాట్లాడుకోవడానికి రిజిస్ట్రేషన్ ఎందుకు? ఆధార్ నకళ్లు మరీ దారుణం. ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లుంటారు. ఉద్యోగం పోతుందని జబ్బు దాచుకునేవాళ్లుంటారు. పెళ్లికావాల్సిన అమ్మాయిలుంటారు. పేరు రాయించుకునే చోటికి వాళ్లు రారు. అందుకే అడిగారా అన్న అనుమానమూ వస్తోంది.

నిజానికి వీళ్లకు ఆ గది తప్ప ప్రభుత్వం దగ్గర ఇంకేమీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో దీర్ఘకాలిక నాడీ వ్యాధుల పద్దు ఉంది. ఉదాహరణగా మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ పేర్లున్నాయి. నరాల నొప్పి పేరు ఎక్కడా లేదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో నొప్పికి శాతం కట్టరు. 40 శాతం రాకపోతే పింఛన్ లేదు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆపరేషన్లకు, ఆసుపత్రిలో చేరే చికిత్సలకు అక్కరకొస్తుంది గానీ, ఇంట్లో ఉండి నెల నెలా కొనుక్కునే మాత్రల ఖర్చు జేబులోంచే పోతుంది. మూడు నెలలు దాటిన నొప్పిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో విడిగా చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సంగతి మన సదరం శిబిరాల దాకా చేరేదెప్పుడో!

ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, అయినా రాయాలి. జిల్లా పేజీల్లో 'నొప్పి భరించలేక' అని మొదలయ్యే రెండు లైన్ల వార్తలు పాఠకులు చూస్తూనే ఉన్నారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో జరిగిన ఆత్మహత్యల్లో 18.4 శాతానికి కారణం అనారోగ్యం. కుటుంబ సమస్యల తర్వాత అదే పెద్ద కారణం. ఆ ఆలోచన వచ్చినవాళ్లు 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ప్రభుత్వం నడుపుతున్న మంచి సేవ అది. అయితే ఒంటరితనం పోగొట్టడానికి ఒక చేత్తో ఫోన్ నంబర్ ఇచ్చి, ఇంకో చేత్తో పదిమంది కూర్చునే గదికి తాళం వేస్తే ఏమనుకోవాలి?

కలెక్టర్ గారు వెంటనే కలుగజేసుకోవాలి. గది తెరవడంతో సరిపెడితే చాలదు. గది తెరిచి, కాగితాన్ని ఫైల్లో అలాగే ఉంచితే అది ఏదో ఒకరోజు ఇంకో ఊళ్లో బయటికొస్తుంది. ఆ కాగితాన్ని రాతపూర్వకంగా రద్దు చేయాలి. రోగులు కలుసుకోవడానికి ఏ కార్యాలయమూ అనుమతి అడగకూడదని జిల్లా అంతటికీ స్పష్టంగా చెప్పాలి. ఆ కాగితం మీద సంతకం చేసిన పెద్దమనిషి ఒక్క ఆదివారం వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పటికైనా సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చుకోండి, చూద్దాం అని తప్పించుకోవద్దు. పది నిమిషాలు నిలబడలేని మనుషులను క్యూలో నిలబెట్టి, తమ నొప్పిని మరోసారి నిరూపించుకోమనడం ఏ రకం పరిపాలన? అంతగా పిలిపించుకోవాలనే ఉంటే, ముందు కుర్చీలు వేయించండి.