లంచం ఒకటే, తీర్పులు రెండు

1929 అక్టోబరులో వాషింగ్టన్‌లోని ఒక జ్యూరీ అమెరికా మాజీ ఇంటీరియర్ మంత్రి ఆల్బర్ట్ ఫాల్ లక్ష డాలర్ల లంచం తీసుకున్నాడని తేల్చింది. 1930 మార్చిలో అదే నగరంలో మరో జ్యూరీ, ఆ డబ్బు ఇచ్చిన చమురు వ్యాపారి ఎడ్వర్డ్ డొహెనీ నిర్దోషి అని చెప్పింది. చేతులు మారిన సొమ్ము ఒకటే. తీసుకోవడం నేరమైతే ఇవ్వడం ఎలా కాకుండా పోయింది? ఇచ్చినవాడి మనసులో ఏముందో, తీసుకున్నవాడి మనసులో ఏముందో వేర్వేరుగా చూడాలంటుంది చట్టం. ఆ తర్కం నాకు అర్థమవుతుంది. ఈ కేసులో మాత్రం అది డబ్బున్నవాడికే కలిసొచ్చింది.

డొహెనీ పుట్టుకతో మోసగాడేం కాదు. 1856లో విస్కాన్సిన్‌లో పుట్టాడు. న్యూ మెక్సికోలో వెండి గనుల వెంట తిరిగి కష్టాలు పడ్డాడు. ఫాల్‌తో స్నేహం అప్పటిదే. 1892లో లాస్ ఏంజెలెస్‌లో బండి మీద పోతున్న తారును చూసి అది ఎక్కడిదని ఆరా తీశాడు. చార్లెస్ క్యాన్‌ఫీల్డ్‌తో కలిసి పార, గడ్డపారలతో తవ్వడం మొదలుపెట్టి చమురు పట్టాడు. తర్వాత మెక్సికో వెళ్లాడు. అక్కడ 1916లో సెర్రో అసుల్ నాలుగో బావి రోజుకు దాదాపు 2,60,000 బ్యారెళ్లు చిమ్మింది. ఆ చూపు, ఆ పట్టుదల నిజంగా గొప్పవే.

అంత సంపాదించినవాడు 1921లో ఏం చేశాడన్నదే నా బాధ. యుద్ధనౌకలు బొగ్గు నుంచి చమురుకు మారుతుండటంతో, కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్ క్షేత్రాన్ని 1912లో నౌకాదళం కోసం పక్కన పెట్టారు. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ ఇలాంటి క్షేత్రాల అజమాయిషీని ఫాల్ నడిపే, ప్రభుత్వ భూములు చూసే ఇంటీరియర్ శాఖకు మార్చాడు. ఆ నవంబరులోనే డొహెనీ కొడుకు నెడ్ నల్ల సంచిలో లక్ష డాలర్ల నోట్లు తీసుకెళ్లి ఫాల్‌కు ఇచ్చాడు. మరుసటి ఏడాది ఎల్క్ హిల్స్ డొహెనీ కంపెనీ చేతికొచ్చింది. వయోమింగ్‌లోని అలాంటిదే మరో క్షేత్రం టీపాట్ డోమ్ ఇంకో చమురు వ్యాపారి హ్యారీ సింక్లెయిర్‌కు దక్కింది. కుంభకోణానికి టీపాట్ డోమ్ అన్న పేరే స్థిరపడింది.

పక్క భూముల్లోని బావులు నేల కిందినుంచి ప్రభుత్వ చమురును లాగేస్తున్నాయని, బదులుగా తాను హవాయిలోని నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌లో చమురు నిల్వ ట్యాంకులు కట్టి దేశానికి మేలు చేస్తున్నానని డొహెనీ వాదించాడు. అందులో పస లేదని అనను. భూమి లోపల చమురుకు సరిహద్దు రాళ్లుండవు. మరి అంత మంచి పనికి ప్రధాన లీజు పోటీ లేకుండా ఎందుకిచ్చారు? మంత్రికి నోట్ల కట్టలు ఎందుకు వెళ్లాయి?

ఈ గుట్టు బయటపెట్టింది మోంటానా సెనేటర్ థామస్ వాల్ష్. ఆ డబ్బు పత్రికాధిపతి మెక్‌లీన్ దగ్గర అప్పు తెచ్చానని ఫాల్ బుకాయిస్తే, వాల్ష్ ఫ్లోరిడా దాకా వెళ్లి మెక్‌లీన్‌ను ప్రశ్నించి అది అబద్ధమని రాబట్టాడు. చివరికి 1924 జనవరిలో డొహెనీయే ఒప్పుకున్నాడు. పాత మిత్రుడికి అప్పిచ్చానని, లక్ష డాలర్లు తనకు మామూలు మనిషికి పాతికో యాభయ్యో డాలర్లలాంటివని అన్నాడు. ఎల్క్ హిల్స్ మీద 10 కోట్ల డాలర్ల లాభం ఆశించానని కూడా చెప్పాడు. తర్వాత అతను తెచ్చి చూపించిన అప్పు పత్రంలో ఫాల్ సంతకం ఉండాల్సిన చోట కాగితం చిరిగి ఉంది. స్నేహం కొద్దీ ఇచ్చిన అప్పుకు ఇంత దాపరికం ఎందుకో నాకు ఏ కోణంలోనూ అర్థం కాదు.

1926లో ఈ లీజులతో ప్రభుత్వాన్ని మోసగించారన్న కుట్ర కేసు నుంచి డొహెనీ, ఫాల్ ఇద్దరూ బయటపడ్డారు. 1930 విచారణ నాటికి నెడ్ లేడు. ఏడాది క్రితమే సొంత ఇంట్లో కాల్పుల్లో చనిపోయాడు. కొడుకును పోగొట్టుకున్న 73 ఏళ్ల తండ్రి బోనులో కూర్చుంటే ఎవరికైనా జాలి కలుగుతుంది. ఫాల్ మాత్రం జైలుకెళ్లాడు. పదవిలో చేసిన నేరానికి శిక్ష అనుభవించిన తొలి అమెరికా క్యాబినెట్ మంత్రి అతనే. అప్పు తీరలేదని తర్వాత డొహెనీ కంపెనీయే అతని రాంచ్‌ను స్వాధీనం చేసుకుంది.

ప్రజల ఆస్తిని కాపాడింది క్రిమినల్ జ్యూరీలు కాదు, సివిల్ దావా. 1927 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎల్క్ హిల్స్ లీజులు అవినీతితో, మోసంతో పుట్టాయని రద్దు చేసింది. పెర్ల్ హార్బర్ ట్యాంకులకు పెట్టిన ఖర్చు కూడా కంపెనీకి తిరిగి ఇవ్వక్కర్లేదంది. డొహెనీని నిర్దోషి అని రాసేవాళ్లు, అంతకు మూడేళ్ల ముందే వచ్చిన ఈ తీర్పును కూడా పక్కనే రాయాలి.