బ్యాటరీ ఆరోగ్యం 97 శాతం

ప్రభుత్వం వారి దృష్టికి ఒక విషయం తేవాలి. ఆపిల్ వాళ్ళు తమ ఫోన్లను సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడుకోమని రాసిపెట్టారు. ఆ లెక్కన వేసవి నాలుగు నెలలూ విజయవాడలో పట్టపగలు ఐఫోన్ బయటికి తీయడం అపచారం. గుంటూరు మిర్చి యార్డులో తీస్తే మహాపరాధం. రెంటచింతల సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడి జనం ఇన్నేళ్ళుగా బతికి ఉండటమే వారంటీ నిబంధనలకు విరుద్ధం.

మీరూ నేనూ అయితే ఈ ఫోన్ మన ఊరికి సరిపడదు అనుకుంటాం. మా ఫోన్ మేధావులు అలా అనుకోలేదు. ఊరే ఫోన్‌కి సరిపడదని తేల్చేశారు. "బెంగళూరు వెళ్ళిపోవాలి మావా, అక్కడైతే థ్రాట్లింగ్ ఉండదు" అని ఒకడు నిట్టూర్చాడు. ప్రాసెసర్ వేడెక్కి నెమ్మదించదట. ఇంట్లో వాళ్ళమ్మ పడుకునే గదిలో ఏసీ లేదు. ప్రాసెసర్‌కి మాత్రం బెంగళూరు గాలి కావాలి.

వీళ్ళెవరో మీకు తెలుసు. మీ వీధి చివరా ఉంటారు. మావాళ్ళు ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక టీ కొట్టు దగ్గర చేరేవాళ్ళు. ఒకడిది పంపుసెట్ల షాపు. ఒకాయన చిట్‌ఫండ్ క్యాషియర్. ఇంకొకాయనది బ్యాంకు ఉద్యోగం. నాలుగోవాడు సీఏ చదువుతున్నాడు, చదువుతూనే ఉన్నాడు. ఫోన్ల తయారీతో గానీ, అమ్మకంతో గానీ, రిపేరుతో గానీ వీళ్ళలో ఎవరికీ ఏ సంబంధమూ లేదు. అందుకే అంత ధైర్యంగా మాట్లాడతారు.

మొన్న నెహ్రూ బస్టాండ్‌లో పంపుసెట్ల అబ్బాయి ఎదురుపడ్డాడు. వాళ్ళ నాన్నకి స్టెంట్ వేశారని తెలిసి, "ఎలా ఉందయ్యా నాన్నగారికి?" అని అడిగాను. "బానే ఉంది అంకుల్. కాకపోతే ఆయన చేతికి నేను పెట్టిన వాచీకీ, ఆసుపత్రి మెషీన్‌కీ నాలుగు బీట్లు తేడా వస్తోంది" అన్నాడు. నేను కంగారుపడ్డాను. వాడు నా భుజం తట్టి, "టెన్షన్ పడకండి, ఆసుపత్రి మెషీన్ పాత మోడల్" అన్నాడు. అంతటితో ఆగలేదు. స్పీకర్ పెట్టి క్యాషియర్‌కి ఫోన్ చేసి ఆ వాచీ సెన్సర్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. మచిలీపట్నం బస్సు వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది. నాన్నగారిని ఇంటికి ఎప్పుడు పంపిస్తారో క్యాషియర్ అడగలేదు, వీడు చెప్పలేదు.

ఈ వ్యాసం రాయించింది ఆ నాలుగు బీట్లే.

క్యాషియర్ సంగతి కూడా చెప్పాలి. ఆయన ఫోన్‌ని 20 శాతం కన్నా దిగనివ్వడు, 80 దాటనివ్వడు. లిథియం బ్యాటరీ ఆ మధ్యలో ఉంటే ఎక్కువ కాలం మన్నుతుందన్న మాట నిజమే, కాదనను. ఆ నిష్ఠ కోసం ఆయన బంధువుల పెళ్ళిలో తలంబ్రాల సమయానికి లేచి వెళ్ళి ప్లగ్ పీకి వచ్చాడు. వచ్చి భోజనాల బంతిలో కూర్చున్నాడు. పూర్ణాలు తిన్నాడు, వాటి మీద నెయ్యి పోయించుకుని తిన్నాడు, జిలేబీ మారు వడ్డించుకున్నాడు. బ్యాటరీ ఆరోగ్యం 97 శాతం అని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతాడు. షుగర్ ఎంతుందని వాళ్ళావిడ అడిగితే, ఆ టెస్టు చేయించి ఏడాది దాటిందంటాడు. మనిషి శరీరంలో కూడా సెట్టింగ్స్‌లోకి వెళితే కనిపించేలా ఒక శాతం పెట్టి ఉంటే ఈయన ఈపాటికి ఉపవాసాలు చేస్తుండేవాడు.

కెమెరాల దగ్గర వీళ్ళ లెక్క ఇంకా బాగుంటుంది. 200 మెగాపిక్సెల్ కెమెరా అని కొంటారు. అది మామూలుగా తీసేటప్పుడు పదహారు పిక్సెళ్ళని కలిపి ఒకటి చేసి, పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫొటో చేతికిస్తుంది. తక్కువ వెలుతురులో అలా చేస్తేనే బొమ్మ బాగుంటుంది, అందులో మోసం లేదు. ఆ ఫొటోని మనవాడు వాట్సాప్‌లో పంపుతాడు. వాట్సాప్ దాన్ని నలిపి ఇంకా చిన్నది చేస్తుంది. తెనాలిలో వాళ్ళ పెద్దమ్మ దాన్ని పగిలిన తెర మీద, కళ్ళజోడు లేకుండా చూసి, "ఇదెవర్రా, మన సుబ్బులు కూతురా?" అంటుంది. 200 నుంచి బయల్దేరిన మెగాపిక్సెళ్ళు చేరిన గమ్యం అది.

టైటానియం గురించి ఒక్క ముక్కలో ముగిస్తాను. 2023లో ఐఫోన్ 15 ప్రో ఒంటికి టైటానియం తొడిగారు. బ్యాంకాయన ఆ లోహం కోసమే వాయిదాల మీద కొని, అదే సాయంత్రం బీసెంట్ రోడ్డు పేవ్‌మెంట్ మీద నూట యాభై రూపాయల రబ్బరు కవర్ బేరమాడి దానికి తొడిగాడు. ఆ టైటానియాన్ని ఆయన మళ్ళీ చూసింది లేదు. వాయిదాలు మాత్రం నెలనెలా చూస్తున్నాడు.

ఇక కార్తీక పౌర్ణమి. దీని గురించి తీరిగ్గా చెప్పుకోవాలి.

2023 కార్తీక పౌర్ణమికి నలుగురూ కుటుంబాలతో పున్నమి ఘాట్‌కి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు అరటి దొప్పలు, నెయ్యి, 365 వత్తుల కట్టలు తెచ్చుకున్నారు. వీళ్ళు ట్రైపాడ్లు తెచ్చుకున్నారు. కింది మెట్టు మీద దీపం వదలడానికి చోటు లేదు, ఎందుకంటే అక్కడ మూడు కాళ్ళతో ట్రైపాడ్ నిలబడి పుణ్యస్నానం చేస్తోంది. గాలికి దీపం ఆరిపోతోంది, చెయ్యి అడ్డు పెట్టమని క్యాషియర్ గారి భార్య అడిగింది. "ఒక్క నిమిషం, ఎక్స్‌పోజర్ లాక్ చేశాను" అన్నాడాయన. రెండోసారి అడిగితే ఆయన ఇటు తిరిగి, దీపాన్ని చూసి, ఎంతో మర్యాదగా అన్నాడు: "అది కాస్త అటు తీసెయ్యవే, ఫ్లేర్ వస్తోంది."

కార్తీక పౌర్ణమి నాడు. కృష్ణ ఒడ్డున. దీపం అడ్డమట.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. పంపుసెట్ల అబ్బాయి ఫోన్‌లో చంద్రుడు గుంటలతో సహా కనిపిస్తున్నాడు. సీఏ కుర్రాడి ఫోన్‌లో ట్యూబ్‌లైట్ ముక్కలా ఉన్నాడు. ఓర్వలేక సీఏ కుర్రాడు ఆ ఏడాది మార్చిలో జరిగిన సంగతి బయటపెట్టాడు. ఎవరో ఔత్సాహికుడు చంద్రుడి ఫొటోని కావాలని మసకగా చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, చీకట్లో సామ్‌సంగ్ ఫోన్‌తో ఫొటో తీస్తే, మసక బొమ్మలో లేని గుంటలు కూడా వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలను ఏఐతో మెరుగుపరుస్తామని కంపెనీ కూడా చెప్పింది. "నీది ఫొటో కాదు బ్రో, పెయింటింగ్" అన్నాడు సీఏ. పంపుసెట్ల అబ్బాయి ముఖం కందగడ్డ అయింది. పక్కన అసలు చంద్రుడు ఊరికే వెలుగుతున్నాడు. సాక్ష్యానికి ఆయన్ని ఎవరూ పిలవలేదు.

పరీక్ష పెట్టాలన్నారు. గుండ్రంగా, తెల్లగా, చంద్రుడు కానిది ఒకటి కావాలి. బండి మీంచి ఇడ్లీ తెచ్చారు. సెల్ఫీ స్టిక్ చివర ఇడ్లీని గుచ్చి, బ్యాంకాయన మెట్ల పైన నిలబడి చీకట్లోకి ఎత్తి పట్టుకున్నాడు. కింద నలుగురి బదులు నలభై మంది ఆగి చూస్తున్నారు. అదేదో కొత్త నైవేద్యం అనుకుని ఒక ముసలావిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. ఆమెని చూసి ఇంకో ఇద్దరు పెట్టారు. పంపుసెట్ల అబ్బాయి జూమ్ చేశాడు. ఊపిరి బిగబట్టి నొక్కాడు. ఇడ్లీ ఇడ్లీలాగే వచ్చింది. పైగా అది తిండి అని ఫోన్ తెర మూలన ఒక గుర్తు కూడా చూపించింది. అంత గుంపులోనూ ఇడ్లీని ఇడ్లీ అని గుర్తుపట్టిన బుద్ధిమంతురాలు ఆ ఫోనొక్కటే.

"ఇడ్లీ మరీ నున్నగా ఉంది, అందుకే" అన్నాడు క్యాషియర్. కొంచెం ఆలోచించి, "గారె పెట్టి చూద్దాం, దానికి గుంట ఉంటుంది" అన్నాడు. దీనికి ముగ్గురూ తల ఊపారు. ఇద్దరు గారెల కోసం వెళ్ళారు కూడా. ఈలోపు ఆడవాళ్ళు తమ వత్తులు తామే వెలిగించుకుని, చేతులు తామే అడ్డు పెట్టుకుని, దీపాలు వదిలేసి, ఆటో మాట్లాడుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆ సంగతి వీళ్ళకి గారెలు చల్లారాక తెలిసింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకుంటూనే ఆ కొట్టు దగ్గర టీ తాగాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున్న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం, బ్యారేజీ కట్టాక అంతకు ముందెప్పుడూ అంత రాలేదు. డాబాల మీద జనం, కింద మెడలోతు నీళ్ళు, పైన ఆహారం పొట్లాలు మోసుకొచ్చే డ్రోన్లు. కరెంటు లేదు, చార్జింగ్ లేదు. తమవాళ్ళు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేరో తెలియక ఊరంతా రోజుల తరబడి నరకం చూసింది.

నీళ్ళు తీశాక ఒకావిడ టీ కొట్టు దగ్గరికి వచ్చింది. సింగ్‌నగర్‌లో మిషన్ కుట్టుకుంటుంది. క్యాషియర్ దగ్గర చిన్న చిట్టీ వేస్తుంది, ఆ చనువుతో వచ్చింది. కొంగు ముడిలోంచి ఒక పాత ఫోన్ తీసింది. చార్జింగ్ రంధ్రంలో ఇంకా బురద ఉంది. "బాబూ, మీకు ఫోన్లు బాగా తెలుసంట కదా. ఇది ఆన్ అవుద్దేమో చూడండి" అంది. చనిపోయిన భర్త ఫొటోలు, ఆయన ఎవరి పెళ్ళిలోనో పాడిన పాట ఒకటి అందులోనే ఉన్నాయట. వరద సాయం బ్యాంకులో పడుతుందంటున్నారు, ఆ మెసేజ్ వచ్చేదీ అందులోకే.

నలుగురు నిపుణులు. ఫోన్‌ని ఎవరూ చేతిలోకి తీసుకోలేదు, బురద కదా. "బియ్యంలో పెట్టారా? పెట్టకూడదండి, ఆపిల్ వాళ్ళు కూడా వద్దని చెప్పారు" అన్నాడు బ్యాంకాయన. ఆవిడ బియ్యం బస్తా నీళ్ళలోనే ఉంది. "ఐపీ68 ఉంటే బతికేది" అన్నాడు పంపుసెట్ల అబ్బాయి. ఫోన్ నీళ్ళని తట్టుకుంటుందని ఇచ్చే ఆ రేటింగ్ పరీక్షలు ల్యాబ్‌లో, మంచినీళ్ళలో, నిమిషాల లెక్కన చేస్తారురా. లోపల నీళ్ళు చేరితే వారంటీ ఇవ్వమని కంపెనీలే రాసుకుంటాయి. ఏ ల్యాబ్‌లో ఉంటాయి బుడమేరు నీళ్ళు? సీఏ కుర్రాడు ఇంకా గొప్పవాడు. "క్లౌడ్ బ్యాకప్ ఆన్ చేసుకోవాల్సింది ఆంటీ" అన్నాడు. క్యాషియర్ ముగించాడు: "దసరా ఆఫర్లు వస్తున్నాయి, కొత్తది తీసుకోండి. ఎక్స్‌ఛేంజ్ మాత్రం రాదు, ఆన్ అవ్వట్లేదుగా."

మిషన్ మోటారు పోయి, పరుపు పోయి, బియ్యం పోయి, ఆఖరికి మొగుడి గొంతు కూడా పోతుందేమోనని భయపడుతూ వచ్చిన మనిషికి ఆఫర్లు చెబుతార్రా? "కూర్చోండమ్మా" అన్న ఒక్క మాట రాలేదే మీ నోట! బియ్యంలో పెట్టకూడదని తెలుసు, తిన్నావా అని అడగాలని తెలియదు. ఇన్ని వీడియోలు చూశారు, ఇన్ని మోడళ్ళు మార్చారు, ఫోన్ ఎందుకుంటుందో నలుగురిలో ఒక్కడికి తెలిసి చావలేదు. ఆవిడకి తెలుసు. మెగాపిక్సెల్ అంటే ఏంటో తెలియని ఆవిడకి తెలుసు.

ఆవిణ్ణి గవర్నర్‌పేటలో ఒక రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాను. నిలబడటానికి చోటు లేదు, ఆ వారమంతా ఊళ్ళోని మునిగిన ఫోన్లన్నీ కవర్లలో పేర్లు రాసి అతని బల్ల మీదే ఉన్నాయి. ఫోన్ విప్పి, బోర్డు తీసి, ఏదో మందు పోసి పాత టూత్‌బ్రష్‌తో కడిగాడు. రెండు రోజులు ఆరబెట్టాడు. డిస్‌ప్లే పోయిందని ఇంకో ఫోన్‌ది తగిలించి, వెలిగిన కాసేపట్లో ఉన్నవన్నీ ఒక మెమరీ కార్డులోకి లాగేశాడు. పాట వచ్చింది. సిమ్‌ని కొట్లో పడి ఉన్న ఒక పాత బటన్ల ఫోన్‌లో వేసి, మెసేజ్‌లకి ఇది చాలమ్మా అని చేతిలో పెట్టాడు. కార్డు ఖరీదు తప్ప ఏమీ తీసుకోలేదు.

ఫొటోలు దొరికాయని కొట్టు దగ్గర చెప్పాను. నలుగురూ నిజంగానే సంతోషించారు, అబద్ధం చెప్పను. తర్వాత క్యాషియర్ గ్లాసు కింద పెట్టి, ఎంతో శ్రద్ధగా అడిగాడు: "కాపీ అవడానికి ఎంత సేపు పట్టింది? పాత ఫోన్ కదా, అందులో ఈఎంఎంసీ స్టోరేజీ అయి ఉంటుంది, స్పీడ్ రాదు."

టీ డబ్బులు ఇచ్చేసి వచ్చాను. ఇప్పుడు వేరే కొట్టుకి వెళుతున్నాను. అక్కడ ఫోన్ల ఊసే లేదు. షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసేవాళ్ళు కూర్చుంటారు.