సవరణ: పెడ్రో నూనెస్, సముద్ర పటం

పోర్చుగీసు గణితవేత్త పెడ్రో నూనెస్ మీద పెట్టిన పోస్టులో రెండు వాక్యాలు మారాయి. ఒకే దిశలో సాగే ఓడ దారి తిన్నని గీతగా కనిపించే సముద్ర పటాన్ని ఆయనే తయారు చేశాడని అందులో ఉంది. నిజానికి ఆ పటం 1569లో పటాలు గీసే గెరార్డస్ మెర్కేటర్ వేసింది. దాన్ని కచ్చితంగా గీయడానికి కావలసిన లెక్కల పట్టికలను ఇంగ్లీషు గణితవేత్త ఎడ్వర్డ్ రైట్ 1599లో అచ్చు వేయించాడు.

నూనెస్ పని అంతకు ముందుది, నన్నడిగితే ఇంకా లోతైనది. బ్రెజిల్ వెళ్లొచ్చిన మార్తిం అఫోన్సో దె సౌజా అనే నౌకాదళపతి అడిగిన సందేహాల మీద పనిచేస్తూ ఆయన ఒక సంగతి తేల్చాడు. అది 1537లో అచ్చయింది. దిక్సూచిలో ఒకే కోణం పట్టుకుని పోయే ఓడ మామూలుగా మహావృత్తం (భూగోళాన్ని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తం) వెంట పోదు. ఈశాన్యానికే తిప్పి ఉంచితే, దాని దారి ప్రతి రేఖాంశాన్నీ అదే కోణంలో కోస్తూ, సుడి తిరుగుతూ ధ్రువానికి దగ్గరవుతుంది. సరిగ్గా ఉత్తర దక్షిణాలుగానో, భూమధ్యరేఖ వెంటో వెళ్తే తప్ప ఈ రెండు దారులూ కలవవు.

అందుకే ఒకే దిశలో సాగే దారి గురించి ‘ఇదే అతి దగ్గరి దారి’ అన్న వాక్యం తీసేశాను. దగ్గరిది మహావృత్తమే. కాకపోతే అందులో వెళ్లాలంటే దిశ మారుస్తూనే ఉండాలి, చుక్కాని పట్టినవాడికి అదో టెన్షన్.

కోణాలు సూక్ష్మంగా కొలవడానికి నూనెస్ కనిపెట్టిన నోనియస్ అనే సాధనం గురించిన పేరా (1542) అలాగే ఉంది. మన ఫిజిక్స్ ల్యాబుల్లోని వెర్నియర్ స్కేలు మాత్రం 1631 నాటిది, వేరే మనిషిది.