అరువు గొంతు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అరువు గొంతు గారికి,

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, కథ చెబుతూ మిగతా పాత్రలన్నిటికీ తలో దొంగ గొంతు పెట్టి పలికే మా డంజియన్ మాస్టర్ (డీఎం) కంఠంలో అద్దె కట్టకుండా కాపురం ఉంటున్న తమకు, అదే బల్ల దగ్గర ఒక క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి) పాత్ర ఆడుకుంటున్న నేను నమస్కరించి రాయునది. శనివారం సాయంత్రాలు తమరు మాకు చేస్తున్న సేవ మరువలేనిది. మరిచిపోదామన్నా కుదరదు. ఆదివారం మధ్యాహ్నం దాకా చెవుల్లో మోగుతూనే ఉంటారు.

అసలు మిమ్మల్ని ఈ ఆటకు పిలిచిందెవరా అని ఆరా తీశాను. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను మూడు చిన్న పుస్తకాలుగా అచ్చేశారు. కవచానికి లెక్క ఉంది, మంత్రానికి లెక్క ఉంది, నిధిలో దొరికే బంగారు నాణేలకూ లెక్క ఉంది. మీ ఊసు లేదు. ఆట ఎలా సాగాలో చూపించడానికి ఇచ్చిన నమూనా సంభాషణలో ఆటగాళ్లందరి తరఫునా ఒక్కడే మాట్లాడతాడు, రిఫరీ (అంటే డీఎం) జవాబు చెబుతాడు. గది ఎంత పొడవు, తలుపు ఏ దిక్కున ఉంది, లోపల ఏముంది. అంతే, ముక్కుతో మాట్లాడే పని ఎవరికీ పడలేదు. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో కూడా దారులు రెండున్నాయి. మన పాత్ర ఏం చేసిందో, ఏమందో కథ చెప్పినట్టు చెప్పొచ్చు. లేదంటే ఆ పాత్రే అయిపోయి మాట్లాడొచ్చు. మొదటి దారిలో వెళ్లేవాళ్లకు మార్కులు తగ్గిస్తామని ఎక్కడా రాయలేదు.

మీ దశ తిరిగింది 2015 మార్చిలో. క్రిటికల్ రోల్ అనే షో అప్పుడే నెట్‌లో మొదలైంది. డంజియన్ మాస్టర్ మాథ్యూ మెర్సర్, ఆయన చుట్టూ కూర్చున్న మిత్రులు, అందరూ కార్టూన్లకూ వీడియో గేములకూ గొంతిచ్చి సంపాదించుకునేవాళ్లు. వాళ్ల ఆట గంటలకొద్దీ చూసినా విసుగు రాదు, ఒప్పుకుంటాను. 2019లో యానిమేషన్ తీస్తాం, చందాలివ్వండి అంటే జనం కోటి డాలర్లకు పైగా ఇచ్చారు. దాంతో ఇంటింటి డీఎం అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ప్లేయర్లేమో మెర్సర్‌ను చూసొచ్చి, తమ డీఎం ముందు కూర్చుని పెదవి విరిచారు. దీనికి ‘మెర్సర్ ఎఫెక్ట్’ అని ఆటగాళ్లలో ఒక పేరు కూడా స్థిరపడింది. మా డీఎం పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. ఆయన గొంతుకు ఏ స్టూడియో వాళ్లూ ఇంతవరకూ రూపాయి ఇవ్వలేదు. అయినా మీరు ఆయన్నీ వదల్లేదు.

ఇంతకీ మీ దగ్గరున్న సరుకెంతండీ? ముక్కుతో ఒకటి, గరగరగా ఒకటి, గుసగుసగా ఒకటి. గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడు, వడ్డీ వ్యాపారి, రాజుగారి చిన్న కొడుకు ముగ్గురికీ ఒకటే ముక్కు. కమ్మరికీ, సేనాపతికీ, చెట్టు మీది దెయ్యానికీ ఒకటే గరగర. రాజుగారు, సేనాపతి ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సి వచ్చిందంటే మా పని అయిపోయినట్టే. డీఎం ఎడమ వైపు తిరిగి ఒక మాట, కుడి వైపు తిరిగి ఇంకో మాట, తనలో తనే వాదించుకుంటూ పోతాడు. ఆ గ్యాప్‌లో మేం సమోసాలు తిని, ఫోన్లు చూసుకుని, కరెంటు బిల్లు కూడా కట్టేస్తాం.

డ్వార్ఫ్ (కొండల్లో ఉండే పొట్టి జాతి మనిషి) వచ్చాడంటే మాత్రం మీకు స్కాట్లాండ్ గుర్తొస్తుంది. ఊహాలోకంలో కొండ కడుపులో పుట్టి పెరిగిన మనిషికి ఆ యాస ఎవరు నేర్పారో నాకు అర్థం కాదు. పైగా అది కూకట్‌పల్లి ఫ్లాట్‌కు చేరేసరికి ఏ దేశానికీ చెందకుండా పోతుంది. ఒకసారి మా రేంజర్‌ను చూసి డ్వార్ఫ్ ఆప్యాయంగా ‘లాసీ’ (స్కాట్లాండ్ వాళ్ల మాటలో ‘అమ్మాయి’) అన్నాడు. “వద్దండీ, ఇప్పుడే టీ తాగాను” అంది ఆ అమ్మాయి.

విలన్ల గుసగుస గురించి వేరే చెప్పాలి. విలన్ అంటే లోగొంతుకలో, పెదాలు కదలకుండా మాట్లాడాలని మీకెవరు చెప్పారు? పైన ఫ్యాను తిరుగుతోంది, కింద రోడ్డు మీద ఎవరో కారు రివర్స్ చేస్తున్నారు. ఆ టైంలో, నల్ల ముసుగాయన కథలోని కీలకమైన మాట చెప్పాడు. “చీకటి పడ్డాక వంతెన దాటొద్దు” అని ఆయన అన్నాడట. “దాటొచ్చు” అని మాకు వినిపించింది. దాటాం. వంతెన కూలింది. ఫైటర్, విజార్డ్, నేను నదిలో పడ్డాం. నేను మునిగిపోతే వైద్యం చేసేవాళ్లు లేరు, ఎందుకంటే వైద్యం చేసేది నేనే. సెషన్ అయ్యాక డీఎం చాలా బాధపడుతూ, “అంత స్పష్టంగా హెచ్చరించాను కదా!” అన్నాడు. ఆయనది మామూలుగా ఖంగుమనే గొంతు. ఆఫీసు కాల్‌లో మాట్లాడితే పక్కింట్లోకి వినిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టి మిమ్మల్ని తెచ్చుకున్నాడు.

మీ మతిమరుపు ఇంకో గొడవ. నెలన్నర గ్యాప్ తర్వాత ఆడితే, గుడి పూజారికి పోయినసారి ఏ గొంతిచ్చారో మీకే గుర్తు లేదు. ముక్కుతో మాట్లాడే పెద్దాయన హఠాత్తుగా గరగరలాడాడు. మేమేమో బుర్ర పెట్టి ఆడేవాళ్లమాయె. ఈ ఆటలో డాపెల్‌గ్యాంగర్ అని ఒక ప్రాణి ఉంది, ఎవరి రూపమైనా ఎత్తగలదు. గొంతు మారిందంటే అదే అయ్యుంటుందని తేల్చుకున్నాం. పూజారిని స్తంభానికి కట్టేశాం. ఆయన చిన్నప్పటి సంగతులు అడిగాం. ఇన్‌సైట్ (ఎదుటివాడి మనసు పసిగట్టే నేర్పు) కోసం పాచిక మీద పాచిక వేశాం. డీఎం మొహం చూస్తే జాలేసింది. “ఆయనకు జలుబు చేసిందిరా, అంతే” అన్నాడు చివరికి. మేం నమ్మలేదు. ఆ పూజారి ఇప్పటికీ మా లెక్కలో రాక్షసుడే.

ఇంగ్లిష్‌లో ఆడటం ఎందుకని ఆటను తెలుగులోకి మార్చుకున్నాం. మీకు పండగొచ్చింది. దొంగకు తెలంగాణ యాస, తలలు నరికేవాడికి రాయలసీమ యాస, బుర్ర తక్కువ నౌకరుకు శ్రీకాకుళం యాస పంచిపెట్టారు. రాజుకూ మంత్రికీ మాత్రం పాఠ్యపుస్తకం తెలుగు. ఈ పంపకం మీ సొంత తెలివి కాదులెండి. మన సినిమాలు ఏళ్ల తరబడి చేసిన పంపకాన్నే మక్కీకి మక్కీ దింపారు. సార్సరర్‌గా ఆడే మా ఫ్రెండ్‌ది టెక్కలి దగ్గర పల్లెటూరు. నౌకరు నాలుగు మాటలు మాట్లాడేసరికి వాడు పాచికలు కింద పెట్టి, “మా అమ్మ ఇలాగే మాటాడతాది. ఇందులో నవ్వడానికేటుంది?” అన్నాడు. డీఎం దగ్గరా జవాబు లేదు, మీ దగ్గరా లేదు. ఆ పూటకు మీరు గొంతులోంచి దిగిపోయారు.

అప్పుడు జరిగింది చూడండి. నౌకరును పూర్తిగా తీసేయడం కుదరదు, కథంతా వాడి చుట్టూ ఉంది. డీఎం కాసేపు ఆలోచించి, తన మామూలు గొంతుతోనే చెప్పడం మొదలుపెట్టాడు. ఈ నౌకరు మీతో మాట్లాడుతూనే రాజుగారి వెండి గరిటెలు లెక్కపెట్టుకుంటున్నాడు, ఒకటి తగ్గితే వాడి జీతం కోస్తారు అన్నాడు. అంతే. కోట మీద దాడి జరుగుతుంటే మేం కత్తులు పట్టుకుని పరిగెడుతున్నాం, వాడు “అయ్యా, మీ సంచిలో గరిటె ఏమైనా ఉందా?” అని అడ్డం పడ్డాడు. అందరం పగలబడి నవ్వాం, టెక్కలి వాడితో సహా. వాడి గొంతు ఎలా ఉంటుందో ఇప్పటికీ మాకు తెలీదు. వాడికేం కావాలో తెలుసు. మీరు ఇన్నాళ్లూ వేషాలు కట్టిన మిగతా జనంలో ఎవరికి ఏం కావాలో ఒక్కరినైనా చెప్పమనండి. గొంతు బాగా కుదిరిందంటే పాత్ర తయారైపోయిందని డీఎం నమ్ముతాడు. ఆ నమ్మకం పెట్టింది మీరే.

ఒక్క మనిషి పదిమందిగా మాట్లాడటం మాకు కొత్తనుకుంటున్నారేమో. హరికథ దాసుగారు ఒక్కరే రాముడు, ఒక్కరే రావణుడు. మెడ కాస్త తిప్పితే మనిషి మారిపోతాడు, గొంతు చించుకోనక్కర్లేదు. తోలుబొమ్మలాటలో తెర వెనక నుంచి జుట్టుపోలిగాడు, బంగారక్క తిట్టుకుంటుంటే ఎవరు ఎవరో పసిపిల్లలకూ తెలుస్తుంది. బుర్రకథలో అయితే పని పంచుకుంటారు. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. వరంగల్లు నేరెళ్ల వేణుమాధవ్ గారు మిమిక్రీకి ఒక జీవితం ఇచ్చేశారు. వీళ్లందరూ ఏళ్లకేళ్లు సాధన చేసినవాళ్లు. మీరేమో శుక్రవారం రాత్రి రెండు వీడియోలు చూసి శనివారం సాయంత్రం ప్రదర్శనకు దిగుతారు.

ఇక మీ వల్ల నోరు మూతపడిన మనిషి సంగతి. మా బార్డ్ (పాటలతో, మాటలతో మెప్పించే పాత్ర) ఆడే అమ్మాయి నెమ్మదస్తురాలు. ఆమె పాత్రకు కరిజ్మా, అంటే మాటలతో ఆకట్టుకునే శక్తి, పద్దెనిమిది (చాలా ఎక్కువ), ఆమెకు నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్. “నా బార్డ్ రాజుగారిని పొగిడి, నవ్వించి, గేటు తాళం సంపాదిస్తుంది” అంది ఓసారి. చక్కటి మాట. పాచిక వేస్తే సరిపోయేది. కానీ మీ జోరులో ఉన్న డీఎం, “అలా కాదు, రాజుగారితో మాట్లాడినట్టే మాట్లాడు, గొంతు పెట్టి!” అన్నాడు. బార్బేరియన్ (కండబలం ఉన్న యోధుడు) ఆడే అబ్బాయిని ఎప్పుడైనా సోఫా ఎత్తి చూపించమన్నాడా? ఆ అబ్బాయి వాటర్ బాటిల్ మూత కూడా మా చేతే తీయిస్తాడు. ఆ అమ్మాయి తర్వాత రెండు సెషన్లు రాలేదు. ఆఫీసు పని అని మెసేజ్ పెట్టింది. మేం నమ్మినట్టు నటించాం.

డీఎం గొంతు పరిస్థితి మీకు చెప్పేదేముంది, ఉండేది మీరే. గరగర పెట్టిన మర్నాడు ఆయన వేణ్నీళ్లు, తేనె, మిరియాల కషాయం. సోమవారం మీటింగ్‌లో నోరు తెరిస్తే గాబ్లిన్ పలుకుతోందట.

మిమ్మల్ని పూర్తిగా పొమ్మనడం లేదు. వచ్చే శనివారం ఎర్ర డ్రాగన్ గుహలోకి దిగుతున్నాం. మీరు ఇప్పటికే బాత్రూంలో సాధన మొదలెట్టారని డీఎం భార్య చెప్పింది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని పక్క ఫ్లాట్ వాళ్లు అడిగారట. డ్రాగన్ మొదటి వాక్యం మీరే చెప్పండి, మేం భయపడతాం, హామీ. ఆ తర్వాత దయచేసి పక్కకు తప్పుకుని, ఆ డ్రాగన్‌కు ఏం కావాలో ఆయన్ని తన గొంతుతోనే చెప్పనివ్వండి. బంగారమా, పగా, లేక మేం త్వరగా బయటికెళ్తే కాస్త నిద్రపోవడమా. బార్డ్ ఏదైనా అంటే, ఆమె ఎలా అన్నా సరే, పాచిక వేయనివ్వండి.

ఇట్లు,
వంతెన మీది నుంచి పడి ఇంకా పూర్తిగా కోలుకోని
ఏడో లెవెల్ క్లెరిక్

తా.క.: మందుల కొట్టు సుబ్బయ్య జోలికి మాత్రం వెళ్లకండి. పేరు అడిగితే డీఎం అప్పటికప్పుడు పెట్టిన పేరు, అప్పటికప్పుడు పెట్టిన ముక్కు గొంతు. యువరాణిని రక్షించాల్సిన సాయంత్రమంతా మేం ఆ కొట్లోనే బేరమాడుతూ కూర్చున్నాం. ఆయన గొంతు మారిస్తే ఒప్పుకునేది లేదు, అక్కడ మాకు ఖాతా ఉంది.