లెక్క తప్పేది మొగ దగ్గరే

వానల కాలం దగ్గరపడిందంటే మద్రాసులో అడయారు నది సముద్రంలో కలిసే మొగ దగ్గరకి పొక్లెయిన్ వస్తుంది. శ్రీనివాసపురం దాటి, విరిగిన వంతెన పక్కగా ఇసుకలో నడిచి వెళ్తే కనిపిస్తుంది: నదికీ సముద్రానికీ మధ్య అడ్డంగా పడుకున్న ఇసుక మేట, దాన్ని తవ్వి పక్కన పోస్తున్న యంత్రం. మా వీధిలో ఉండే నెల్లూరు బాబాయిగారు రోజూ పొద్దున అటే నడకకి వెళ్తారు. ఓసారి నన్నూ తీసుకెళ్లి చూపించారు. "ఇంత తవ్వి ఏం లాభం అబ్బయా, అమాస పోటుకి మళ్లా పూడిపోతాది" అన్నారు.

ఈ నగరం వరద లెక్కల్లో అన్నిటికంటే బలహీనమైన అంకె ఏదంటే ఆ ఇసుక మేటనే చూపిస్తాను.

నదిలో వరద ఎలా నడుస్తుందో చెప్పే సమీకరణాలు కొత్తవేం కావు. సాన్-వెనాఁ అనే ఫ్రెంచి ఇంజనీరు 1871లోనే రాసిపెట్టాడు. నీరు ఊరికే పుట్టదు, ఊరికే మాయం కాదు అనేది ఒక సమీకరణం. వాలు నీటిని ముందుకు లాగుతుంటే గట్లూ, అడుగూ, గుర్రపుడెక్కా దాన్ని ఎంత పట్టి ఆపుతున్నాయన్నది రెండోది. కంప్యూటర్ నదిని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకీ ఈ రెండు లెక్కలూ కడుతుంది. అయితే నదికి రెండు చివర్లున్నాయి. పైనుంచి ఎంత నీరొస్తోంది, కింద సముద్రం ఏ మట్టంలో ఉంది అనే రెండు అంకెలనూ మనమే చేత్తో ఇవ్వాలి. అవి తప్పితే మధ్యలో ఎంత గొప్ప గణితం ఉన్నా ఒరిగేదేమీ లేదు.

పై చివర గురించి 2015 వరదల నుంచీ కావలసినంత వాదన నడిచింది. ఆ ఏడాది డిసెంబరు 1 రాత్రి అడయారు ఎగువనున్న చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు. తలుపులెత్తడం ఆలస్యమైందా, ముందే కొంచెం కొంచెంగా వదలాల్సిందా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నాం. ఆ దిగువన తెగిన చెరువులూ, అలుగులు పొర్లిన చెరువులూ కలిపి అడయారులోకి వచ్చిన నీరు అంతకంటే చాలా ఎక్కువ. ఆ లెక్క మాత్రం గేట్ల గొడవలో కొట్టుకుపోయింది. ఉత్తరాన ఆరణి, కుశస్థలి నదులైతే పిచ్చాటూరు, కృష్ణాపురం జలాశయాల మీదుగా ఆంధ్రా నుంచే దిగుతాయి. నగరి కొండల్లో కురిసిన వాన తెలియకుండా ఎన్నూరు వరద లెక్క కట్టలేం.

కింది చివర గురించి మాత్రం మాట్లాడేవాళ్లు తక్కువ. మద్రాసు బల్లపరుపు నేల. 5 కిలోమీటర్లకు 1 మీటరు చొప్పున దిగే నది అనుకుందాం. మొగ దగ్గర నీటిమట్టం 1 మీటరు పెరిగితే ఆ ఎదురు తోపు ఇంచుమించు 5 కిలోమీటర్లు వెనక్కి పాకుతుంది. వాలున్న కొండ నదిలో ఇదే తప్పు చివరి ఫర్లాంగుతో సరిపోయేది. ఇక్కడ సైదాపేట దాకా వస్తుంది.

సముద్ర మట్టం అంటే ఆటుపోట్ల పట్టిక చూసి వేసే అంకె ఒక్కటే కాదు. గాలి పీడనం 1 హెక్టాపాస్కల్ తగ్గితే సముద్రం దాదాపు 1 సెంటీమీటరు లేస్తుంది. దానికి తోడు ఒడ్డు వైపు వీచే గాలి తోపు, విరిగే అలలు తెచ్చి పోసే నీరు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర, 5వ తేదీన. అంతకుముందు రెండు రోజులు మద్రాసుకు దగ్గరగా, నత్తనడకన కదిలింది. పైన వాన, కింద ఉబ్బిన సముద్రం రెండూ ఒకేసారి వచ్చాయి. దక్షిణాన పల్లపు పేటలైన వేళచ్చేరి, పళ్లికరణై నీళ్లకు పోయే దారి లేకపోయింది.

ఇక ఇసుక. నైరుతి కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య కాలంలో కొంత దక్షిణానికి తెస్తాయి. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానిదే పైచేయి. 19వ శతాబ్దం చివర్లో హార్బరు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణం వైపు ఆగి మెరీనా వెడల్పైంది, అవతల రాయపురం కోసుకుపోయింది. మనం సాయంత్రం బజ్జీలు తింటూ కూర్చునే ఇసుకలో చాలా భాగం అలా వచ్చిందే. మొగను తెరిచి ఉంచేది నదిలోకి వచ్చిపోయే పోటు నీరూ, నది ప్రవాహమూ. ఆ రెండూ నీరసించినప్పుడల్లా అలలు మొగను మూసేస్తాయి. వరద వస్తే మేట తెగుతుంది, నిజమే. ఎన్ని గంటలకు తెగుతుందన్నదే ప్రశ్న. నది అడుగు కదలదని పట్టుకుని కట్టిన లెక్కకు ఆ గంటలు కనపడవు. అడయారు ఒడ్డునున్న జాఫర్‌ఖాన్‌పేటలో నీళ్లు మోకాలి దాకానా, నడుం దాకానా అన్నది ఆ గంటల్లోనే తేలిపోతుంది.

"నూరేళ్లకోసారి వచ్చే వరద" అనే మాట నాకు అందుకే నచ్చదు. ఏడాదికి నూటికి ఒక్క వంతు అవకాశం అని దానర్థం. 20 ఏళ్ల ఇంటి లోను తీరేలోపు కనీసం ఒకసారి రావడానికి నూటికి 18 వంతుల అవకాశం ఉందన్నమాట. పైగా ఆ లెక్క చాలాసార్లు వానకు కట్టిందే, వరదకు కాదు. అదే వాన మొగ తెరిచి ఉన్నప్పుడు ఒక వరద, మూసి ఉన్నప్పుడు ఇంకో వరద.

2015 తర్వాత జాతీయ తీర పరిశోధన కేంద్రం, ఐఐటీలు, అన్నా విశ్వవిద్యాలయం కలిసి సీ-ఫ్లోస్ అనే వరద హెచ్చరిక వ్యవస్థను తయారుచేశాయి. వాననూ, నదినీ, పోటునూ ఒకే చోట కలిపి చూడటం అందులో మెచ్చుకోవాల్సిన సంగతి. కానీ ఎంత మంచి నమూనాకైనా రోజూ కొలతల మేత పడాలి. నది ఒక శాఖది, డ్రెయిన్లు కార్పొరేషన్‌వి, హార్బరు కేంద్రానిది. ఇసుక ఎవరిదీ కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికోసారి అడయారు, కూవం నదుల మొగల వెడల్పు, లోతు కొలిచి అందరికీ కనపడేలా పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక పడవ, ఒక డ్రోన్, ఇద్దరు మనుషులు చాలు. గేటు మట్టాలు పేపర్లో చదువుతున్నట్టే మొగ వెడల్పూ చదవొచ్చు.

బాబాయిగారింట్లో వంటగది తలుపు వెనక తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. అమావాస్య గళ్ల చుట్టూ సున్నాలు చుట్టారు. కొన్ని గళ్లలో పెన్సిలుతో అంకెలున్నాయి. శ్రీనివాసపురం గట్టు నుంచి నీళ్ల అంచు దాకా ఇసుక మీద ఎన్ని అడుగులు పడ్డాయో ఆ లెక్క. అక్టోబరు 20న 110. 27న 164. నవంబరు 2 గడిలో అంకె లేదు, "అవతలి ఒడ్డు దాకా నడిచాను" అని రాసి ఉంది.