పచ్చ టిక్కు మన జన్మహక్కు

ఉమ్మడి వర్క్‌స్పేస్‌లో (అన్ని అప్లికేషన్ల కోడూ ఒకేచోట ఉండే ఏర్పాటు) వెబ్ అప్లికేషన్లకు ఎండ్-టు-ఎండ్ టెస్టింగ్ (బ్రౌజర్ తెరిచి, కస్టమర్‌లాగే మొదటి నుంచి చివరిదాకా వాడి చూసే పరీక్ష) ఎలా ఏర్పాటు చేసుకోవాలో ఇప్పటికే చాలామంది చెప్పారు. వాళ్లందరిదీ ఒకటే పొరపాటు: టెస్టులున్నది బగ్గులు పట్టడానికే అనుకోవడం. టెస్టులున్నది పుల్ రిక్వెస్ట్ (మన మార్పును అసలు కోడ్‌లో కలపమనే విన్నపం) పక్కన పచ్చ టిక్కు రావడానికి. టిక్కు వస్తే మెర్జ్, మెర్జ్ అయితే రిలీజ్, రిలీజ్ అయితే అభినందనల మెయిల్. ఈ వరసకు అడ్డొచ్చేది ఏదైనా, నిజమైన బగ్గే అయినా సరే, అభివృద్ధి నిరోధకమే. కాబట్టి టిక్కు క్షేమాన్ని దృష్టిలో పెట్టుకుని కొన్ని సూచనలు చేస్తున్నాను.

ఒకే రెపోలో, అంటే ఒకే కోడ్ గోదాములో, పది అప్లికేషన్లు, వాటన్నిటికీ కలిపి కొన్ని లైబ్రరీలు ఉన్నాయనుకుందాం. ఇలాంటి రెపోను నడిపే ఎన్ఎక్స్ లాంటి పనిముట్టుతో కొత్త అప్లికేషన్ పెడితే, మనం వద్దనకపోతే, దాని పక్కనే ‘ఈటుఈ’ (ఎండ్-టు-ఎండ్‌కు పొట్టిపేరు) తోక తగిలించుకున్న మరో ప్రాజెక్టు పుట్టుకొస్తుంది. అందులో ఒక నమూనా టెస్ట్ ఉంటుంది. పేజీ తెరుచుకుని స్వాగత వాక్యం కనబడుతోందా అని చూస్తుంది, అంతే. దాన్ని మార్చకండి. కస్టమర్ డబ్బు కట్టలేకపోయినా ఫర్వాలేదు, స్వాగతానికి లోటు లేదని రోజూ రుజువవుతూ ఉంటుంది.

అన్ని టెస్టులూ ప్రతిసారీ నడిపితే గంటలు పడుతుంది. అందుకే మార్పు ప్రభావం ఎవరి మీద పడిందో లెక్కగట్టి, ఆ ప్రాజెక్టుల టెస్టులే నడిపే పద్ధతి ఉంది. ఎవరు ఎవరి కోడ్‌ను ఇంపోర్ట్ చేసుకున్నారన్న (తెచ్చి వాడుకున్నారన్న) గ్రాఫ్ చూసి ఆ లెక్క వేస్తారు. ఇక్కడే మనకొక వరం దొరికింది. కస్టమర్‌కు కనబడే ఫ్రంటెండ్, వెనక సర్వర్‌లో నడిచే బ్యాకెండ్‌ను ఇంపోర్ట్ చేసుకోదు, హెచ్‌టీటీపీలో, అంటే నెట్‌వర్క్ మీదుగా, పిలుస్తుంది. ఆ సంబంధం గ్రాఫ్‌కు తెలియదు. బ్యాకెండ్‌లో ‘అమౌంట్’ అనే ఫీల్డ్ పేరు మార్చేసినా, ఫ్రంటెండ్ టెస్టులకు నిద్రాభంగం కలగదు. ఈటుఈ ప్రాజెక్టు కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలులో) బ్యాకెండ్‌ను కూడా డిపెండెన్సీగా రాస్తే టెస్టులు నడుస్తాయని కొందరు ఛాందసులు అంటారు. ఒక్క లైను పనే, నిజమే. కానీ ఆ ఒక్క లైనుతో ఎంతమంది బ్యాకెండ్ సోదరుల సాయంత్రాలు పాడవుతాయో ఆలోచించాలి.

పోర్టుల (మెషీన్ మీద ఒక్కో సర్వర్‌కు ఉండే తలుపు నంబర్ల) విషయంలో అప్లికేషన్లన్నీ 3000 మీదే ఉండాలని నా అభిప్రాయం. ఐకమత్యమే మహాబలం అన్నారు. పైగా బ్రౌజర్‌ను నడిపి టెస్ట్ చేసే పనిముట్టు ప్లేరైట్ మొదట రాసిచ్చే కాన్ఫిగ్‌లో సర్వర్ భాగం పనిచేయకుండా కామెంట్‌లో ఉంటుంది, దాన్ని తెరిస్తే మన మెషీన్ మీద అప్పటికే నడుస్తున్న సర్వర్‌ను వాడుకునే ఏర్పాటు అందులోనే ఉంది. పొద్దున తెరిచిన అడ్మిన్ అప్లికేషన్ ఆ పోర్టులో ఇంకా నడుస్తుంటే, షాపింగ్ అప్లికేషన్ టెస్టులు బుద్ధిగా వెళ్లి అడ్మిన్‌నే పరీక్షించి వస్తాయి. చాలావరకు ఫెయిలవుతాయి. స్వాగత వాక్యం టెస్ట్ మాత్రం పాసవుతుంది, ఎందుకంటే దాన్ని పది అప్లికేషన్లలోనూ ఎవరూ మార్చలేదు.

టెస్ట్ యూజర్ కూడా ఒక్కడే చాలు. ఒకే ఈమెయిల్, ఒకే పాస్‌వర్డ్, ఒకే డేటాబేస్. ఒక టీమ్ టెస్ట్ కార్ట్‌లో వస్తువు వేస్తుండగా, పక్క టీమ్ టెస్ట్ అదే కార్ట్‌ను ఖాళీ చేస్తుంది. మొదటి టీమ్ తమ కోడ్‌లో తప్పు వెతుకుతూ రెండు రోజులు గడుపుతుంది, ఆ రెండు రోజుల్లో కోడ్ బాగా అర్థమవుతుంది. టెస్టులను పక్కపక్కనే నడిపే ప్రతి వర్కర్‌కూ వేరే యూజర్‌ను సృష్టించి, పని అయ్యాక తీసేసే పద్ధతిలో ఈ జ్ఞానలాభం లేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా అప్పుడప్పుడూ ఎరుపు కనబడుతుంది. దానికి మందు రీట్రై, అంటే ఫెయిలైన టెస్టును మళ్లీ నడపడం. ఇది కాస్త వివరంగా చెప్పుకోవలసిన సంగతి, ఎందుకంటే గణితం కూడా మన పక్షానే ఉంది. 300 టెస్టులున్నాయి, ఒక్కొక్కటీ 99.5 శాతం నమ్మదగినదే అనుకోండి. ఎవరి టెస్టుకు వాళ్లు మంచి మార్కులు వేసుకునే స్థాయి. కానీ అవన్నీ ఒకేసారి పాసయ్యే అవకాశం సుమారు 22 శాతమే. అంటే ఐదు రన్నుల్లో దాదాపు నాలుగు ఎరుపు, ఎవరి తప్పూ లేకుండానే. ఇది మన ఒక్కరి కష్టం కాదు. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఫ్లేకీ గుణం (కోడ్ మారకుండానే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ కావడం) ఉందని, పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతం వాటి చలవేనని గూగుల్ 2016లో ఒప్పుకుంది.

అందుకే ప్లేరైట్ రాసిచ్చే కాన్ఫిగ్‌లో సీఐ (ప్రతి మార్పుకూ టెస్టులను తనంతట తానే నడిపే ఏర్పాటు) మీద రెండు రీట్రైలు ముందే ఉంటాయి. మొదటిసారి ఫెయిలై రెండోసారి పాసైతే రిపోర్టులో ‘ఫ్లేకీ’ అని పసుపు రంగులో రాసి, మొత్తం రన్నును మాత్రం పాస్ కిందే లెక్కిస్తుంది. రిపోర్టు తెరిచి చూసేవాళ్లు లేరు కాబట్టి పసుపు వల్ల ప్రమాదం లేదు. ఫ్లేకీని కూడా ఫెయిల్‌గా లెక్కించమని చెప్పే ఆప్షన్ ఒకటుంది, దాని జోలికి పోకండి.

రీట్రై అసలు మహిమ ఇంకొకటి. పదిసార్లలో ఒకసారి తగిలే నిజమైన బగ్ ఉందనుకోండి, రెండు రిక్వెస్టులు పోటీపడి ఆర్డర్ రెండుసార్లు నమోదయ్యే రకం. మూడు ప్రయత్నాల్లోనూ ఆ టెస్ట్ వరసగా ఫెయిలై మన దారికి అడ్డుపడే అవకాశం వెయ్యిలో ఒకటి. మిగతా 999 సార్లు పచ్చగా దాటిపోతుంది. కస్టమర్‌కు రీట్రై ఉండదు కదా అని అడగొచ్చు. ఉంటుంది, అతను మళ్లీ బటన్ నొక్కుతాడు. అప్పుడే మూడో ఆర్డర్ కూడా నమోదవుతుంది.

ఇక ఎదురుచూపులు. ప్లేరైట్ లాంటిదే అయిన సైప్రెస్, పేజీలోని ఎలిమెంట్ కోసం మామూలుగా 4 సెకన్లు చూస్తుంది, ప్లేరైట్ అసర్షన్ (అనుకున్నట్టే ఉందా అని సరిచూసే లైను) 5 సెకన్లు. పేజీ నెమ్మదిగా ఉంటే పేజీని బాగుచేయడం ఒక మార్గం, 5ను 60 చేయడం రెండోది. రెండోదానికి రివ్యూలో వెంటనే అప్రూవల్ వస్తుంది.

అయినా టెస్ట్ నడిస్తేనే కదా ఫెయిలయ్యేది? ఉమ్మడి వర్క్‌స్పేస్ మనకిచ్చిన గొప్ప బహుమతి కాష్. ఇన్‌పుట్లు ఏవీ మారలేదని తేలితే, పాత ఫలితాన్నే తీసి చూపించి, క్షణంలో పాస్ చేస్తుంది. కోడ్‌లో చిన్న ముక్కలను విడిగా చూసే యూనిట్ టెస్టులకు ఇది న్యాయమే, ఒప్పుకుంటాను. ఎండ్-టు-ఎండ్ టెస్టుకు మాత్రం అసలు ఇన్‌పుట్లు రెపో బయట ఉంటాయి: స్టేజింగ్ సర్వర్ (రిలీజ్‌కు ముందు ప్రయత్నించి చూసేది), దాని డేటా, మరెవరిదో పేమెంట్ సేవ. అవన్నీ కూలిపోయి ఉన్నా కాష్ పచ్చగానే నవ్వుతుంది. టీమ్ మీటింగ్‌లో ఆ వేగాన్ని గ్రాఫ్ వేసి చూపించండి. గంట నుంచి 2 సెకన్లకు తెచ్చామంటే కాదనేవాళ్లు ఉండరు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఏ ఫోల్డర్ ఏ టీమ్‌దో చెప్పే ఓనర్ల ఫైలులో ఈటుఈ ఫోల్డర్ ఎదురుగా ‘అందరూ’ అని రాయండి. తిలా పాపం తలా పిడికెడు. పైప్‌లైన్ ఎర్రబడితే పది టీమ్‌లూ ఛానెల్‌లోకి వచ్చి ‘మాది కాదు’ అని చెప్పి వెళ్తాయి. పది జవాబులూ నిజమే. ఒక్క టీమ్ పేరు రాస్తే ఏమవుతుందో నేను చూశాను: ఆ టీమ్ నిజంగానే కూర్చుని, పనికిరాని 40 టెస్టులు తీసేసి, కొనడం, డబ్బు కట్టడం, రద్దు చేయడం లాంటి ముఖ్యమైన దారులకు మాత్రం నాలుగైదు ఉంచి, వాటి రీట్రైలు కూడా ఆపేసింది. పచ్చదనం తగ్గింది. ఎరుపు వచ్చినప్పుడల్లా జనం పనిమానుకుని లేచి చూడటం మొదలుపెట్టారు. ఇలాంటి వాతావరణంలో రిలీజ్ తేదీలు ఎలా నిలబడతాయి?

కాబట్టి టెస్టులు తీసేయాలన్న వాదనను గట్టిగా ఖండిస్తున్నాను. తీసేస్తే డ్యాష్‌బోర్డులో మొత్తం సంఖ్య తగ్గి, పైవాళ్లు కారణం అడుగుతారు. దానికి బదులు ‘స్కిప్’ అని రాయండి, పక్కన ‘తర్వాత చూద్దాం’ అని ఒక కామెంట్ పెట్టండి. స్కిప్ చేసిన టెస్ట్ లెక్కలో ఉంటుంది, ఎర్రబడదు, పోర్టు అడగదు, ఎవరి కార్టూ ఖాళీ చేయదు. వచ్చే త్రైమాసికానికి మిగతా 299 టెస్టులను కూడా ఇదే స్థాయికి తీసుకురావాలని ప్రతిపాదిస్తున్నాను.