మాయమవుతున్నవి ఫెరారీలు కావు, మామూలు కార్లు

అరుదైన పాత కారు పేరొకటి చెప్పమంటే కార్ల మోజున్నవాళ్ళలో చాలామంది ఫెరారీ 250 జీటీఓ అనేస్తారు. 1962-64 మధ్య తయారైనవి మొత్తం 36. 2018లో ఒకటి వేలంలో 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. తక్కువ ఉన్నాయన్న మాట నిజమే. కానీ వాటిలో ప్రతి కారుకీ ఛాసిస్ నంబరుతో సహా చరిత్ర రాసి ఉంది. ఏ ఏడాది ఎవరి చేతికి వెళ్ళింది, ఏ రేసులో పరిగెత్తింది, ఎక్కడ దెబ్బ తగిలింది అన్నీ. అలాంటి కారుకి ఇవాళ పోయే ప్రమాదం దాదాపు లేదు. అమెరికాలో 1948లో వచ్చిన టక్కర్ 48 కూడా అంతే. కంపెనీ మూతపడేలోపు నమూనాతో కలిపి 51 కార్లు బయటికొచ్చాయి, అందులో 47 ఇంకా ఉన్నాయి. డెబ్బై ఏళ్ళు దాటాక కూడా!

ఇప్పుడు బ్రిటన్ వాళ్ళ మామూలు కారు ఆస్టిన్ అలెగ్రో తీసుకోండి. 1973లో మొదలై ఓ పదేళ్ళలోపు 6.4 లక్షలకు పైగా తయారైంది. ఆల్ఫా రోమియో వాళ్ళ ఆల్ఫాసూద్ సెడాన్ అయితే 1972-83 మధ్య సుమారు 9 లక్షలు. అమెరికాలో షెవర్లే వేగా 20 లక్షలు. ఒకప్పుడు ఏ సిగ్నల్ దగ్గర చూసినా నాలుగు కనపడిన ఈ కార్లలో ఒక్కదాన్ని ఇవాళ రోడ్డు మీద, ఏ ప్రదర్శనకీ కాకుండా, వెనక సీట్లో కూరగాయల సంచులతో చూడగలిగితే అదీ అసలైన అరుదైన దృశ్యం. నా లెక్కలో ఒక కారు అరుదా కాదా అన్నది ఎన్ని తయారయ్యాయి అన్నదాన్ని బట్టి తేలదు. ఎన్నింటిని ఎవరూ పట్టించుకోలేదు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

పట్టించుకోకపోవడానికి ఒక వయసుంది. కొత్తలో ఏ కారునైనా బాగానే చూసుకుంటారు. నలభై ఏళ్ళు దాటితే మళ్ళీ చూసుకోవడం మొదలుపెడతారు, అప్పటికి అది జ్ఞాపకం అయిపోతుంది కాబట్టి. ప్రమాదమంతా మధ్యలోనే, పదిహేను నుంచి పాతికేళ్ళ మధ్య. అప్పటికి కారు మూడో చేతికో నాలుగో చేతికో వచ్చి ఉంటుంది, గేర్‌బాక్స్ రిపేరు ఖర్చు కారు విలువకన్నా ఎక్కువ అవుతుంది, తలుపుకి చిన్న సొట్ట పడితే చాలు ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ అని రాసేస్తారు. ఓనర్‌ని తప్పుపట్టలేం, లెక్కలే అలా ఉంటాయి. కార్లలో ఎక్కువ భాగం తుక్కుకి వెళ్ళేది ఈ వయసులోనే. అందుకే నలభై ఏళ్ళ మామూలు కారు ఎదురైతే, అది ఆ గండం దాటించిన ఎవరో ఒకరు ఉన్నారన్నమాట.

ప్రభుత్వాలు కూడా దాదాపు ఆ వయసు కార్ల మీదే పడ్డాయి. 2009లో ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు అమెరికా, జర్మనీ, బ్రిటన్ ఇంకా చాలా దేశాలు పాత కారు ఇచ్చేసి కొత్తది కొనుక్కునేవాళ్ళకి డబ్బులిచ్చాయి. జర్మనీలో తొమ్మిదేళ్ళు దాటిన కారుకి 2,500 యూరోల చొప్పున సుమారు 20 లక్షల కార్లు వెళ్ళిపోయాయి. అమెరికా పథకంలో పాతికేళ్ళలోపు కార్లనే తీసుకున్నారు, అవి దాదాపు 6.8 లక్షలు. అక్కడ పద్ధతి ఇంకా కఠినం. ఇంజిన్‌లో ఆయిల్ తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి అది పూర్తిగా పట్టేసేదాకా నడిపించేవాళ్ళు, మళ్ళీ ఎవరూ వాడకూడదని. కాలుష్యం తగ్గాలి, ఫ్యాక్టరీలు నడవాలి అన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ కుప్పల్లో ఏమేం పోతున్నాయో ఒక్కసారి చూసి, మోడల్‌కి రెండు మూడు పక్కన పెట్టే ఏర్పాటు చేసి ఉంటే ఎంత బాగుండేది అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక తుప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చలిదేశాల్లో అది కారుని కింది నుంచి తినేస్తుంది, పొడి వాతావరణంలో అదే కారు రంగు వెలిసిపోయి అయినా నిలబడి ఉంటుంది. దాన్ని బట్టే ఏ కారు కనపడితే ఆశ్చర్యపోవాలో తెలుస్తుంది. మెర్సిడెస్ డబ్ల్యూ123 సుమారు 27 లక్షలు తయారైంది, వోల్వో 240 అయితే 28 లక్షలు, రెండూ గట్టి కార్లు, కనపడితే సంతోషమే కానీ వింతేం కాదు. తూర్పు జర్మనీ ట్రాబంట్‌ని అందరూ నాసిరకం బండి అంటారు గానీ దాని పైబాడీ దూది నారని రెజిన్‌తో కలిపి అచ్చుపోసిన డ్యూరోప్లాస్ట్, అది తుప్పు పట్టదు. ట్రాబంట్‌తో వెక్కిరింపులు పడ్డవాళ్ళ పరువు నిలబెట్టింది ఆ దూదే. తుప్పుకి పేరుపడ్డ అదే కాలం నాటి ఇటాలియన్ రేకు కారు కళ్ళబడితే మాత్రం ఆగి చూడండి.

చూడటం అంటే ఏం చూడాలి? చాలామంది ముందు లోగో చూస్తారు. లోగో కంపెనీ పేరు చెబుతుంది, అంతే. కారు వయసు చెప్పేవి అద్దాలు, లైట్లు, బంపర్లు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైంది, 2003లో మెక్సికోలో చివరిది వచ్చేదాకా ఆకారం పెద్దగా మారలేదు కాబట్టి అన్నీ ఒకటే అనిపిస్తాయి. వెనక్కి వెళ్ళి చూడండి. వెనక అద్దం మధ్యలో నిలువు పట్టీతో రెండు ముక్కలుగా ఉంటే అది 1953 మార్చికి ముందుది. కోడిగుడ్డు ఆకారంలో ఒకే అద్దం ఉంటే 1953-57 మధ్యది. నలుచదరంగా పెద్దదైతే ఆ తర్వాతది. మొదటి రకం ఎదురైతే అది నిజంగా అదృష్టం. మోరిస్ మైనర్‌కి ఈ తేడా ముందుంటుంది, 1956 దాకా ముందు అద్దం రెండు ముక్కలు, తర్వాత ఒకటే వంపు అద్దం.

చట్టాలు కూడా కార్ల మీద గుర్తులు వదిలాయి, నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. అమెరికాలో 1968 నుంచి కార్ల పక్కల చిన్న లైట్లో రిఫ్లెక్టర్లో తప్పనిసరి అయ్యాయి. 1973 మోడళ్ళ నుంచి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో గుద్దుకున్నా ముందు భాగంలో లైట్లవంటివి దెబ్బతినకుండా బంపర్ ఆపాలన్నారు, దాంతో సన్నటి క్రోమ్ బంపర్లు పోయి బల్లల్లాంటివి వచ్చాయి. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ చూడండి, 1974 చివర్లో దానికి నల్లటి రబ్బరు ముక్కు తగిలించి ఎత్తు కూడా పెంచారు, మోడల్ పేరు తెలియకపోయినా దూరం నుంచే ముందుదా తర్వాతదా చెప్పేయొచ్చు. జాగ్వార్ ఈ-టైప్ హెడ్‌లైట్ల మీది గాజు మూతలు 1967తో పోయింది కూడా అమెరికా నిబంధనల వల్లే. సిట్రోయెన్ డీఎస్‌కి అదే ఏడాది గాజు వెనక స్టీరింగ్‌తో పాటు తిరిగే హెడ్‌లైట్లు పెట్టారు, అమెరికాకి పంపిన వాటికి మాత్రం అవి కుదరలేదు. అంటే ఒక దేశంలో ఎక్కడో ఆగి ఉన్న కారు అసలు ఏ దేశం కోసం తయారైందో కూడా దాని మొహమే చెప్పేస్తుంది. వెనక అద్దం దగ్గర మూడో బ్రేక్ లైట్ అమెరికాలో 1986 మోడళ్ళ నుంచి వచ్చింది, కాకపోతే తర్వాత బిగించుకున్నవాళ్ళూ ఉంటారు, దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. డీఎస్ అనగానే ఇంకోటి చెప్పాలి. ఆగి చాలాసేపైన డీఎస్ నేలకి అతుక్కుపోయినట్టు కుంగి ఉంటుంది, స్టార్ట్ చేస్తే హైడ్రాలిక్స్‌తో నెమ్మదిగా లేస్తుంది. ఎక్కడైనా పార్క్ చేసి కనపడితే ఓనర్ వచ్చేదాకా వేచి ఉండటం వృథా కాదు.

మోసపోయే చోట్లూ ఉన్నాయి. నిస్సాన్ ఫిగారో చూస్తే 1950ల కారే అనిపిస్తుంది, నిజానికి 1991లో మైక్రా మీద కట్టిన 20 వేల కార్లలో ఒకటి. స్పోర్ట్స్ కారు ఏసీ కోబ్రా 1960లలో తయారైనవి వెయ్యి దాకా మాత్రమే, నకళ్ళు దానికి ఎన్నో రెట్లున్నాయి, కాబట్టి రోడ్డు మీద కోబ్రా కనపడితే అది తర్వాత కట్టుకున్నదే అనుకోవడం క్షేమం. నకలు అని తెలిశాక మొహం తిప్పుకునేవాళ్ళతో నేను ఏకీభవించను, ఎవరో తమ షెడ్డులో ఏళ్ళ తరబడి కూర్చుని బిగించిన బండి అది, దాని కథ దానికుంది.

ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉన్న విషయానికి వస్తాను. పాత వాహనాల సంఘాలకు అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, 1966లో ఏర్పడింది. పాత బండ్ల హక్కుల కోసం అది చేసిన పని చిన్నది కాదు. కానీ చారిత్రక వాహనం అనిపించుకోవాలంటే అది పెట్టిన షరతులు చూడండి. కనీసం 30 ఏళ్ళు ఉండాలి, చరిత్రకి తగిన స్థితిలో కాపాడుకుంటూ ఉండాలి, ఆపైన రోజువారీ ప్రయాణానికి వాడకుండా ఉండాలి. ఈ చివరిది ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. పన్ను మినహాయింపులు, కాలుష్య నిబంధనల సడలింపులు అడగాలంటే ఇవి ఏడాదికి చాలా తక్కువ కిలోమీటర్లే తిరుగుతాయి అని చూపించాలి, లేకపోతే ఏ ప్రభుత్వమూ వినదు. వాదనగా బలమైనదే. అయినా దాని ఫలితం ఏంటంటే, ముప్పై అయిదేళ్ళుగా పిల్లల్ని స్కూల్లో దింపుతూ తిరిగిన పుజో 504కి చరిత్రలో చోటు లేదు, ట్రెయిలర్ మీద వచ్చి గడ్డి మీద నిలబడి మళ్ళీ ట్రెయిలర్ ఎక్కే కారుకి ఉంది. ప్రయాణం కోసం పుట్టిన వస్తువుకి ప్రయాణమే అనర్హత ఎలా అవుతుంది?

వాడుతున్న పాత కారు నుంచి తెలిసేవి మ్యూజియంలో కారు చెప్పలేదు. డ్రైవర్ మోచేయి ఆనే చోట తలుపు రంగు ఎలా అరిగిందో, ఏ స్విచ్ ముందు విరుగుతుందో, ఏ పార్టు దొరక్క వేరే కారుది ఎలా సర్దారో అన్నీ దాని మీద ఉంటాయి. క్యూబాలో 1950ల అమెరికన్ కార్లు ఇంకా టాక్సీలుగా తిరుగుతున్నాయి, బానెట్ ఎత్తితే చాలావాటిలో వేరే కంపెనీ డీజిల్ ఇంజిన్ ఉంటుంది. ఒరిజినల్ కాదు అని పెదవి విరిచేవాళ్ళుంటారు. ఆంక్షల వల్ల స్పేర్ పార్టులు రాని దేశంలో ఇన్ని దశాబ్దాలు బండి నడిపిన మెకానిక్కుల పనితనం చరిత్ర కాకపోతే ఇంకేది చరిత్ర? ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితి ఒక్క రోజుది, మిగతా అరవై ఏళ్ళు కూడా ఆ కారువే.

ఫోటోల విషయంలో ఒక మాట. నంబర్ ప్లేట్ కనపడేలా, ఎవరింటి ముందో తెలిసేలా, అప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టకండి. పాత కార్లకి అసలు తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ల వంటివి ఉండవు, దొంగలకి అడ్రస్ మనమే ఇచ్చినట్టవుతుంది. నడుపుతూ ఫోన్ తీయడం గురించి చెప్పనే అక్కర్లేదు. తలుపు తీసి చూడాలనిపిస్తే ఓనర్‌ని అడగండి, మామూలు కారుని ఇన్నాళ్ళు ఉంచుకున్నవాళ్ళు దాని గురించి ఎవరైనా అడగాలనే ఎదురుచూస్తుంటారు, అరగంట మాట్లాడతారు.

ఇప్పుడు ఏ కార్లు ఆ గండంలో ఉన్నాయి? 1990ల చివర్లోవి, 2000లవి. తుప్పు నుంచి చాలావరకు బయటపడ్డ తరం ఇది, గాల్వనైజ్ చేసిన (జింకు పూత వేసిన) బాడీలు వచ్చాయి కాబట్టి. వీటిని చంపేది ఎలక్ట్రానిక్స్. కార్బురేటర్‌ని విప్పి కడిగి మళ్ళీ బిగించొచ్చు, ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే కంట్రోల్ యూనిట్ చచ్చిపోతే దానికి కంపెనీ పార్టు ఆపేస్తే ఊరి మెకానిక్ ఏం చేస్తాడు? వెలిగించినప్పుడు బానెట్‌లోంచి పైకి లేచే పాపప్ హెడ్‌లైట్లు చూడండి, వాటితో వచ్చిన చివరి కార్లలో కార్వెట్ సీ5, లోటస్ ఎస్ప్రీ ఉన్నాయి, రెండూ 2004తో ఆగిపోయాయి. ఇవి రెండూ ఉంటాయిలెండి, వాటికి అభిమానులున్నారు.

అదే తప్పు మళ్ళీ జరుగుతోంది అనిపించేది హంగులు లేని బేస్ మోడళ్ళ దగ్గర. పుజో 205 తీసుకుంటే 1983 నుంచి 1998 దాకా 50 లక్షలకు పైగా తయారైంది. వేగంగా పోయే జీటీఐ వెర్షన్లని జనం గ్యారేజీల్లో దాచుకున్నారు, వేలాల్లో మంచి ధరలు పలుకుతున్నాయి. కుటుంబాలు కొన్నది మాత్రం ఎక్కువగా 1.1 లీటర్ పెట్రోలు లేదా డీజిల్ ఇంజిన్, రంగు వేయని నల్ల బంపర్లు, స్టీలు చక్రాలు ఉన్న సాదా బండి. వాటిలో తుక్కుకి వెళ్ళినవి వెళ్ళగా, మిగిలినవాటికి కొందరు జీటీఐ వేషం వేసేస్తున్నారు. బ్రిటన్‌లో 2014 నుంచి ఫెస్టివల్ ఆఫ్ ది అన్‌ఎక్సెప్షనల్ పేరుతో సరిగ్గా ఇలాంటి సాదా కార్లకే ప్రదర్శన పెడుతున్నారు, అది నాకు చాలా నచ్చిన ప్రయత్నం. అక్కడిదాకా వెళ్ళక్కర్లేదు గానీ, పార్కింగ్‌లో పక్కనున్న ఎర్ర స్పోర్ట్స్ కారుతో పాటు ఆ వీల్ క్యాప్ ఊడిన హ్యాచ్‌బ్యాక్‌ని కూడా ఒక ఫోటో తీయండి, వీలైతే లోపలి సీటు గుడ్డ డిజైన్ కనపడేలా. కంపెనీల దగ్గరున్న ఫోటోలు ఎక్కువగా టాప్ మోడళ్ళవే.